యూనివర్సిటీ ఫిగర్ స్కేటింగ్ క్లబ్బుల చరిత్ర: ఆ మయామి ఫ్లోరిడాలో లేదు

తెల్లగీత
ఫ్లోరిడాలోని మయామి యూనివర్సిటీ 2007లో ఫిగర్ స్కేటింగ్ ప్రపంచ పతకం గెలిచిందని తెలుగులో ఎవరో రాశారు. మిగతావాళ్లు దాన్నే ఎత్తిరాసుకుంటూ పోతున్నారు. ఫ్లోరిడాలో ఉన్నది యూనివర్సిటీ ఆఫ్ మయామి. పతకం గెలిచింది మయామి యూనివర్సిటీ, అది ఒహాయోలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఉంది. ఇది దిద్దేటప్పుడే అసలు చరిత్ర కూడా సరిగ్గా రాసిపెడదామని ఉంది. క్లబ్బుగా మొదలై ప్రపంచ పోటీల దాకా ఎలా వెళ్లింది? హార్వర్డ్, యేల్ లాంటి పెద్ద పేర్లుండగా ఈ ఆట ఒహాయో, మిషిగన్‌లలో ఎందుకు వేళ్లూనుకుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గాగిన్_గేటు
మయామి సంగతి ముందు తేల్చేద్దాం. 1976లో క్యాంపస్‌లో గాగిన్ ఐస్ అరేనా తెరిచారు. మరుసటి ఏడాదే, 1977లో, స్కేటింగ్ జట్టు క్లబ్బుగా మొదలైంది. జట్టంతా కలిసి ఒకే కదలికతో చేసే ఈ సింక్రనైజ్డ్ స్కేటింగ్‌ని (పొట్టిగా సింక్రో) అప్పట్లో ప్రెసిషన్ స్కేటింగ్ అనేవాళ్లు. 1996లో యూనివర్సిటీ దాన్ని వార్సిటీ జట్టు చేసింది. 2006లో రెండు రింకులతో కొత్త గాగిన్ ఐస్ సెంటర్ వచ్చింది. 2007లో కెనడాలోని లండన్‌లో (ఒంటారియో రాష్ట్రం) జరిగిన ప్రపంచ సింక్రనైజ్డ్ స్కేటింగ్ పోటీల్లో రజతం. స్వర్ణం స్వీడన్ జట్టు టీమ్ సర్‌ప్రైజ్‌కి వెళ్లింది. ఆ పోటీల్లో అమెరికాకి అదే మొదటి పతకం. కోచ్ విక్కీ కోర్న్.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. రింకు వచ్చిన ఏడాదికి క్లబ్బు, రెండో రింకు వచ్చిన ఏడాదికి పతకం. పతకం రింకు వల్లే వచ్చిందని నేననను, దాని వెనక ఏళ్ల తరబడి పని ఉంది. కానీ మంచు ఎవరి చేతిలో ఉందన్నది చూడకుండా ఏ యూనివర్సిటీ క్లబ్బు చరిత్రా రాయలేం.

చలిచీమ
వార్సిటీ అంటే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) ఆటే కదా?

గాగిన్_గేటు
@చలిచీమ కాదు. సింక్రో ఎన్‌సీఏఏ జాబితాలో లేదు. యూనివర్సిటీ తన క్రీడా విభాగం కిందికి తీసుకుని కోచ్ జీతం, మంచు అద్దె, ప్రయాణాలకి బడ్జెట్ పెడితే అది ఆ యూనివర్సిటీ వరకూ వార్సిటీ. మిషిగన్‌లోని ఏడ్రియన్ కాలేజీ కూడా ఇలాగే చేసింది. మిగతా చోట్ల ఎక్కువగా విద్యార్థులే నడుపుకునే క్లబ్బులు. చందాలు, విరాళాలు, విద్యార్థి సంఘం ఇచ్చే కొద్దిపాటి నిధి, వాటి మీదే బతకాలి.

ఆనార్బర్_అక్క
మయామి కంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1956లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో డాక్టర్ రిచర్డ్ పోర్టర్ హాకెట్స్ అనే జట్టు పెట్టారు. సింక్రనైజ్డ్ స్కేటింగ్‌లో మొదటి జట్టుగా చెప్పేది దీన్నే. మిషిగన్ యూనివర్సిటీ హాకీ మ్యాచ్‌ల విరామంలో ప్రేక్షకులకి వినోదంగా దీన్ని మొదలుపెట్టారు.

ఆ విరామమే ఈ ఆటకి రూపం ఇచ్చింది. హాకీలో రెండు పీరియడ్ల మధ్య దొరికేది పావుగంటే, అందులోనే మంచు బాగుచేయాలి. స్టాండ్స్‌లో పైన కూర్చున్నవాళ్లకి ఒంటరి స్కేటర్ బ్లేడు అంచుతో చేసే సున్నితమైన ఎడ్జి పని కనిపించదు. వరసలు, వలయాలు, తిరిగే చక్రాలు కనిపిస్తాయి. అందుకే చాలామంది ఒకేసారి, ఒకే కదలికతో, కొద్ది నిమిషాల్లో. సర్కిల్, లైన్, బ్లాక్, వీల్, ఇంటర్‌సెక్షన్ అని ఈరోజు నిబంధనల్లో ఉన్న ఆకారాలన్నీ పై వరసలోంచి చూస్తేనే బాగా తెలుస్తాయి.

తరవాతి మెట్లు: 1976 మార్చిలో మిషిగన్‌లోనే అమెరికా, కెనడా జట్ల మధ్య మొదటి అంతర్జాతీయ పోటీ. 1994లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం అధికారిక గుర్తింపు. 2000లో మినియాపొలిస్‌లో మొదటి ప్రపంచ పోటీలు. ఒలింపిక్స్‌లోకి మాత్రం ఇప్పటికీ రానివ్వలేదు, అది అన్యాయమనే నా అభిప్రాయం.

కేంబ్రిడ్జి_కబుర్లు
యూనివర్సిటీ స్కేటింగ్ చరిత్రని సింక్రోతో మొదలుపెట్టడం నాకు నచ్చలేదు. హార్వర్డ్ విద్యార్థి డిక్ బటన్ 1948లో సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో డబుల్ యాక్సెల్ దిగి స్వర్ణం గెలిచాడు. 1952లో ఓస్లోలో ట్రిపుల్ లూప్ దిగి రెండో స్వర్ణం. పోటీల్లో ఆ రెండు జంపులూ దిగిన మొదటివాడు. యేల్‌లో చేరదామనుకుని, అక్కడ స్కేటింగ్ కుదరదనడంతో హార్వర్డ్‌కి వచ్చాడు. టెన్లీ ఆల్‌బ్రైట్ ర్యాడ్‌క్లిఫ్ (హార్వర్డ్‌కి జోడుగా ఉన్న మహిళా కాలేజీ) విద్యార్థిని, 1956లో కోర్టీనాలో స్వర్ణం, 1957లో హార్వర్డ్ మెడికల్ స్కూల్. వీళ్లని వదిలేస్తే ఎలా?

గాగిన్_గేటు
@కేంబ్రిడ్జి_కబుర్లు వాళ్లు యూనివర్సిటీలో చదివిన స్కేటర్లు. వాళ్ల సాధన ఊరి క్లబ్బుల్లో జరిగింది. స్కేటింగ్ క్లబ్ ఆఫ్ బోస్టన్ 1912 నాటిది, కేంబ్రిడ్జి స్కేటింగ్ క్లబ్ 1897 నాటిది. రెండూ యూనివర్సిటీవి కావు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ 1986లో ప్రపంచ ఛాంపియన్ అయిన డెబీ థామస్ విషయమూ అంతే. నేథన్ చెన్ 2018లో యేల్‌లో చేరి అక్కడి ఇంగాల్స్ రింకులో సాధన చేశాడు, కోచ్ మాత్రం కాలిఫోర్నియాలో. వాళ్ల గొప్పతనం వేరే పుటలో రాయొచ్చు. క్లబ్బు చరిత్ర అంటే నిర్వాహకులు, బడ్జెట్, మంచు గంటలు, ఏడాదికేడాది మారిపోయే సభ్యులు.

కేంబ్రిడ్జి_కబుర్లు
@గాగిన్_గేటు సరే, మీ కొలబద్దతోనే చూద్దాం. 1970లో హార్వర్డ్ విద్యార్థి జాన్ మిషా పెట్కెవిచ్ 'యాన్ ఈవినింగ్ విత్ ఛాంపియన్స్' అనే ప్రదర్శన మొదలుపెట్టాడు. ఎలియట్ హౌస్ హాస్టల్ విద్యార్థులే నడుపుతారు, క్యాన్సర్ బాధితుల కోసం జిమ్మీ ఫండ్‌కి డబ్బు పోగుచేస్తారు. స్కేటర్లని పిలవడం, టికెట్లు, లైట్లు, బస, సంగీతం, రింకు బుకింగ్ అంతా విద్యార్థుల పనే. ఏటా సీనియర్లు వెళ్లిపోతుంటే కొత్తవాళ్లకి అప్పజెప్పుకుంటూ దశాబ్దాలు నడిపారు. పోటీ జట్టు కాకపోయినా విద్యార్థులు నిలబెట్టిన స్కేటింగ్ సంస్థే.

తెల్లగీత
ఇది బాగుంది, పేజీలో దీనికి విడిగా ఒక భాగం పెడతాను. డెలవేర్ యూనివర్సిటీని ఎక్కడ పెట్టాలి? జానీ వియర్, 2006 ప్రపంచ ఛాంపియన్ కిమ్మీ మైస్నర్ అక్కడే సాధన చేశారు కదా.

రెండోషిఫ్ట్
డెలవేర్‌ది మూడో రకం. యూనివర్సిటీ తన స్థలంలో శిక్షణ కేంద్రం నడిపింది. ఫ్రెడ్ రస్ట్ ఐస్ అరేనా 1988లో వచ్చింది, కోచ్ రాన్ లడింగ్టన్ పేరుతో అక్కడి కేంద్రం ప్రసిద్ధి. అక్కడ సాధన చేసేవాళ్లందరూ విద్యార్థులు కారు. విద్యార్థుల జట్టు వేరే ఉంది, అదే మంచు వాడుకుంటుంది. ప్రపంచ స్థాయి కోచ్‌లు, మంచి మంచు పక్కనే ఉండటం క్లబ్బుకి లాభం. పగటిపూట మంచి గంటలన్నీ డబ్బు కట్టే స్కేటర్లకే వెళ్లిపోవడం నష్టం. రెంటినీ కలిపేసి డెలవేర్ క్లబ్బు ఇంతమంది ఛాంపియన్లని తయారుచేసిందని రాస్తే తప్పు.

లెక్కల_మాష్టారు
ఒంటరి స్కేటింగ్ బదులు సింక్రో క్లబ్బులే ఎందుకు పెరిగాయన్నది లెక్క వేస్తే తెలుస్తుంది.

క్లబ్బుకి వారానికి ఒక గంట మంచు దొరికిందనుకోండి. 15 మంది ఒంటరి స్కేటర్లున్నారు, ఒక్కొక్కరి ప్రోగ్రామ్ 4 నిమిషాలు. స్పీకర్లో ఒకసారి ఒకరి పాటే వేయగలం. 15 నాలుగుల 60. అంటే గంట మొత్తంలో ఒక్కొక్కరికి పాటతో ఒక్కసారే వంతు వస్తుంది. పడితే మళ్లీ అవకాశం లేదు. మిగతా 14 మంది అంచుల్లో తప్పుకుంటూ జంపులు చేసుకోవాలి, పాట నడుస్తున్నవాళ్లకి దారి ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి.

అదే గంటలో 16 మంది సింక్రో జట్టుకి పాట ఒక్కటే. 10 నిమిషాలు వార్మప్ తీసేసి, మధ్యలో ఆగి దిద్దుకున్నా నాలుగైదు సార్లు పూర్తి ప్రోగ్రామ్ వస్తుంది. అద్దె 16 మందికీ సమానంగా చీలుతుంది, కోచ్ ఒక్కరే చాలు. అమెరికాలో రింకు అద్దె గంటకి కొన్ని వందల డాలర్లు. విద్యార్థి క్లబ్బుకి ఇంతకంటే పొదుపైన పద్ధతి లేదు.

పాత_ప్యాచ్
మాష్టారి లెక్కకి ఇంకో పొర కలపాలి: కంపల్సరీ ఫిగర్లు. ఈ ఆటకి ఫిగర్ స్కేటింగ్ అన్న పేరు రావడానికి కారణమైన ఆ గీతలు 1990 దాకా అంతర్జాతీయ పోటీల్లో ఉన్నాయి. చివరిసారి ఆ ఏడాది హాలిఫాక్స్ ప్రపంచ పోటీల్లో. 1968 దాకా మొత్తం మార్కుల్లో వాటి వాటా 60 శాతం, తరవాత 50, ఆపైన ఇంకా తగ్గించారు.

ఫిగర్ అంటే మంచు మీద ఎనిమిది అంకె ఆకారంలో రెండు వలయాలు (కొన్నింటిలో మూడు). ఒక్కో వలయం వ్యాసం సుమారుగా స్కేటర్ ఎత్తుకి మూడింతలు. ఒక కాలితో ఒక వలయం, రెండో కాలితో రెండోది, అలా అదే గీత మీద మూడుసార్లు వెళ్లాలి. జడ్జీలు వంగి చూసేది గీతనే. రెండు ఎడ్జులూ ఒకేసారి తగిలితే మంచు మీద జంటగీత పడుతుంది, దాన్ని ఫ్లాట్ అంటారు, మార్కులు పోతాయి. మలుపు దగ్గర ఎడ్జి ముందే మారిపోతే గీత పక్కకి జారుతుంది.

దీనికి అప్పుడే నీళ్లు పోసి ఆరిన నున్నటి మంచు కావాలి. రింకుని ముక్కలుగా పంచి ఒక్కొక్కరికి ఒక ప్యాచ్ ఇచ్చేవాళ్లు. ఆ గంటలో జంపులు లేవు, పాటల్లేవు, పక్కవాడి ముక్కలోకి వెళ్లకూడదు. హాకీ జట్టుతో రింకు పంచుకునే కాలేజీలో అలాంటి మంచు దొరికేది తెల్లవారుజామునే. ఎవరి గీత వాళ్లది కాబట్టి జట్టుగా కలిసి సాధన చేసేదీ ఉండేది కాదు. ఫిగర్లు పోయాక ప్యాచ్ గంటలన్నీ జంపులు, స్పిన్లు సాధన చేసే ఫ్రీస్టైల్ గంటలైపోయాయి. క్లబ్బు చరిత్ర రాసేవాళ్లు పాత రింకు టైమ్‌టేబుళ్లలో ప్యాచ్ అన్న గడి ఎప్పుడు మాయమైందో వెతకండి. క్లబ్బు స్వభావం మారిన కాలం అక్కడ దొరుకుతుంది.

చలిచీమ
హాకీవాళ్లతో గొడవ ఎందుకు? మంచు మంచే కదా.

జాంబోనీ_డ్రైవర్
@చలిచీమ మంచు మంచే కాదు. హాకీకి గట్టి మంచు కావాలి, ఉపరితలం మైనస్ 5, మైనస్ 6 డిగ్రీల దగ్గర పెడతారు. పక్ వేగంగా జారాలి, బ్లేడ్లు లోతుగా కోయకూడదు. ఫిగర్ స్కేటర్లకి మైనస్ 3, మైనస్ 4 దగ్గర కాస్త మెత్తగా కావాలి. గట్టి మంచులో టో పిక్ (బ్లేడు ముందు కొసనుండే పళ్లు) గుచ్చితే పట్టు దొరకదు, పెంకులు పెంకులుగా లేస్తుంది. ల్యాండింగ్‌లో ఎడ్జి దిగబడక పాదం జారుతుంది.

మంచు కింద కాంక్రీటు పలక, అందులో చల్లటి ద్రావణం తిరిగే పైపులు. మొత్తం పలక చలి మారాలి కాబట్టి రెండు మూడు డిగ్రీలు మార్చడానికి గంటలు పడుతుంది. హాకీ 9 గంటలకి ముగిసి క్లబ్బు 9:15కి ఎక్కితే హాకీ మంచు మీదే ఎగరాలి. మందం కూడా చూసుకోవాలి. రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు మామూలు. ఎక్కువైతే పైభాగం చల్లబడటం ఆలస్యమవుతుంది, తక్కువైతే టో పిక్ గుంత కాంక్రీటు దాకా వెళ్లే ప్రమాదం.

మంచు నునుపు చేసే యంత్రం కూడా చరిత్రలో భాగమే. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ దాన్ని తయారుచేయకముందు ముగ్గురు నలుగురు మనుషులు చెక్కి, ఊడ్చి, కడిగి, నీళ్లు పోసి ఆరబెట్టడానికి గంట దాటేది. ఇప్పుడు సుమారు పది నిమిషాలు. హాకీ విరామంలోనే మంచు కూడా బాగుచేయగలిగేది అందుకే. వేడినీళ్లు పోయడానికి కారణం: కరిగిన గాలి తక్కువ, పైపొర కొంచెం కరిగి కొత్త నీటితో అతుక్కుంటుంది. చన్నీళ్లు పోస్తే పొర విడిగా పేరుకుని పెచ్చులూడుతుంది.

రెండోషిఫ్ట్
పై పోస్టుకి ఒక్క మాట. హాకీ జట్ల ఫిర్యాదులో కూడా నిజం ఉంది. టో లూప్, ఫ్లిప్, లట్జ్ జంపుల్లో టో పిక్ గుచ్చిన చోట గుంత పడుతుంది. లట్జ్ గుంతలు ఎక్కువగా మూలల్లో, ఎందుకంటే దాని దారి అటే. జాంబోనీ పలచటి పొర పోస్తుంది, గుంత పూడ్చదు. పూడ్చాల్సింది క్లబ్బే: గంట ముగిసే 5 నిమిషాల ముందు బకెట్లో చెక్కుడు మంచు తీసుకుని నీళ్లతో తడిపి ముద్దచేసి, గుంతలో కూరి, బూటు అంచుతో చదును చేయాలి. తడపకుండా పొడి మంచు నింపితే మొదటి హాకీ బ్లేడుకే ఊడిపోతుంది. గుంతలు పూడ్చి దిగే క్లబ్బుకి రింకు మేనేజర్ మంచి గంటలిస్తాడు.

పదును_ప్రసాద్
క్లబ్బుల డబ్బు నీళ్లలా పోయే ఇంకో దారి బ్లేడు పదును. రింకు దుకాణంలో హాకీ స్కేట్లకి అలవాటుపడ్డ మనిషికి ఫిగర్ బ్లేడు ఇస్తే జరిగేది: రాయి ముందుదాకా తోసేసి కింది టో పిక్‌ని చెక్కేస్తాడు. దాంతో స్పిన్ చేసేటప్పుడు బ్లేడు మీద నిలబడే స్థానం మారిపోతుంది. ఒకసారి పోయిన పిక్ తిరిగి రాదు, బ్లేడు మార్చుకోవాల్సిందే.

ఫిగర్ బ్లేడు దాదాపు 4 మిల్లీమీటర్ల మందం. అడుగున మధ్యలో గాడి, రెండు పక్కలా రెండు ఎడ్జులు. గాడి వంపు వ్యాసార్ధాన్ని హాలో అంటారు, అర అంగుళం మామూలు. అంకె తగ్గేకొద్దీ గాడి లోతు, పట్టు ఎక్కువ, జారుడు తక్కువ. ముందు నుంచి వెనక్కి ఉండే వంపు రాకర్, 7 లేదా 8 అడుగుల వ్యాసార్ధం.

పదును పెట్టించాక అక్కడే చూసుకోండి. స్కేటు తిరగేసి ఎడ్జుల మీద అడ్డంగా ఒక నాణెం నిలపండి. నాణెం బ్లేడుకి నిటారుగా లేక ఒకపక్కకి వాలితే ఎడ్జులు ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు, దుకాణం వదలొద్దు. మళ్లీ పదును 20 నుంచి 40 గంటల మంచు మీద, బరువుని బట్టి, మంచుని బట్టి. గడ్డకట్టిన మట్టి మీద గార్డు లేకుండా ఒక్క అడుగు వేసినా ఆ లెక్క పోతుంది.

ఆనార్బర్_అక్క
@పదును_ప్రసాద్ సింక్రోకి ఇంకోటి కలపండి. మడమ వెనక తోక పొట్టిగా ఉండే బ్లేడు తీసుకుంటారు, ఐస్ డాన్స్ బ్లేడులాగా. సుమారు ఒక అంగుళం తేడా. బ్లాక్‌లో మనిషికీ మనిషికీ మధ్య చేయి చాపినంత దూరం కూడా ఉండదు, పొడుగు తోకైతే పక్కవాళ్ల బ్లేడుకి తగులుతుంది. ఒకళ్లు పడితే చేతులు పట్టుకుని ఉంటారు కాబట్టి నలుగురు పడతారు.

తెల్లగీత
సింక్రోలో ఎక్కువగా ఎక్కడ పడతారు? పేజీలో ఆట వివరంగా రాయాలంటే అది కూడా కావాలి.

ఆనార్బర్_అక్క
ఇంటర్‌సెక్షన్. రెండు వరసలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటాలి, సీనియర్ జట్లలో దాటే క్షణంలోనే చుట్టూ తిరుగుతూ. సీనియర్ జట్టుకి 16 మంది, అంటే ఎనిమిదేసి మంది.

చెడేది దాటేటప్పుడు కాదు, అంతకు ముందే. వరస పక్కకి తిరుగుతూ లోపలికి వస్తుంటే చివర ఉన్నవాళ్లు ఎక్కువ దూరం వెళ్లాలి, లోపలివాళ్లు దాదాపు నిలబడాలి. చివరివాళ్లు ఒక తోపు వెనకబడితే వరస విల్లులా వంగుతుంది. అప్పుడు మధ్యవాళ్లు ముందు దాటుతారు, చివరివాళ్లు తరవాత, ఖాళీలు ఎదురెదురుగా రావు. ఎదుటి మనిషిని చూస్తే ఆ మనిషి మీదకే వెళ్తాం, అందుకే చూపు ఆమె పక్కనున్న ఖాళీ మీద పెట్టమని నేర్పుతారు. భుజాలు ముందే పక్కకి తిప్పి సన్నబడాలి. చేతులు వదిలే లెక్క అందరికీ ఒకటే ఉండాలి, ఒకళ్లు అర లెక్క ఆలస్యంగా వదిలినా పక్క మనిషి తిరగడం ఆగిపోతుంది.

నేర్పే వరస: మొదట జిమ్‌లో నేల మీద బూట్లతో నడక, తరవాత మంచు మీద తిరగకుండా నెమ్మదిగా దాటడం, తరవాత వేగం, చివర్లో తిరగడం. నేల మీద నడిచే గంటకి అద్దె లేదు. మాష్టారి లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది. సగం సాధన మంచు లేకుండా అయిపోయే ఫిగర్ స్కేటింగ్ ఇదొక్కటే.

లెక్కల_మాష్టారు
సగం అంటే ఎక్కువ చెబుతున్నారు. ఎడ్జి నాణ్యత మంచు మీదే వస్తుంది, బాగా చేసే జట్లకీ మామూలు జట్లకీ తేడా వేగంలోనే కనిపిస్తుంది. వేగం జిమ్‌లో రాదు.

ఆనార్బర్_అక్క
@లెక్కల_మాష్టారు ఆకారాలు నేర్చుకునే దశ గురించి చెప్పాను. వేగం గురించి మీరన్నది ఒప్పుకుంటాను.

డార్ట్‌మత్_దీపిక
ఇంటర్‌కాలేజియేట్ పోటీల గురించి ఎవరూ రాయలేదేం? సింక్రో లేని కాలేజీలకి అదే ఊపిరి. ఒంటరి స్కేటర్లు కూడా జట్టుగా పోటీపడే పద్ధతి: తూర్పు, మధ్య, పసిఫిక్ విభాగాల్లో పోటీలు, అక్కడ పాయింట్లు తెచ్చుకున్న కాలేజీలు జాతీయ ఫైనల్‌కి. డార్ట్‌మత్ 2004 నుంచి 2008 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది.

దీని కిటుకు ఏమిటంటే, ప్రతి స్కేటర్ తను పరీక్ష పాసైన స్థాయిలోనే పోటీ పడుతుంది. కింది స్థాయిలో మొదటి స్థానం కూడా జట్టుకి పాయింట్లు తెస్తుంది. ఒలింపిక్ స్థాయి స్కేటర్ ఒక్కరున్న జట్టు కంటే, అన్ని స్థాయుల్లో మనుషులున్న జట్టు గెలుస్తుంది. టీమ్ మెనూవర్స్ అని ఇంకోటి ఉంది, అందులో ఒకరు జంప్, ఒకరు స్పిన్, ఒకరు స్టెప్స్, ఇలా తలా ఒక అంశం చేస్తారు. చిన్నప్పుడు పోటీలు వదిలేసి చదువులో పడ్డవాళ్లు మళ్లీ బూట్లు కట్టడానికి ఇది కారణమైంది.

కెప్టెన్ల అసలు పని కాగితం మీదే. ఎవరు ఏ స్థాయి, ఏ అంశంలో ఎక్కడ ఖాళీ ఉంది, ఒకే సమయంలో రెండు అంశాలు పడుతున్నాయా. గడువు తేదీ దాటితే ఎంత మంచి స్కేటరైనా ఇంట్లోనే.

ఒసాకా_ఒంగోలు
మంచు ఎవరి చేతిలో ఉందన్న గాగిన్_గేటు మాటకి జపాన్ గట్టి సాక్ష్యం. కన్సాయి యూనివర్సిటీ 2006లో తకత్సుకి క్యాంపస్‌లో సొంత రింకు కట్టింది, చుక్యో యూనివర్సిటీ 2007లో. కన్సాయి నుంచి దైసుకే తకహాషి, నోబునారి ఓడా, చుక్యో నుంచి మావో అసాదా, షోమా ఊనో. అక్కడ ఛాంపియన్లు యూనివర్సిటీ క్లబ్బు సభ్యులుగానే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో దిగుతారు. అమెరికాలోలా చదివే చోటు వేరు, స్కేటింగ్ క్లబ్బు వేరు అన్న గీత అంత గట్టిగా ఉండదు.

కేంబ్రిడ్జి_కబుర్లు
@ఒసాకా_ఒంగోలు వసేదా సంగతి? ఒలింపిక్ ఛాంపియన్లు షిజుకా అరకావా, యుజురు హన్యూ ఇద్దరూ వసేదా యూనివర్సిటీవాళ్లే. హన్యూ దూరవిద్యలో చదివాడు, సాధన కెనడాలో. అంటే జపాన్‌లోనూ రెండు రకాలూ ఉన్నట్టే.

ఒసాకా_ఒంగోలు
అవును, రెండూ ఉన్నాయి. క్యాంపస్‌లో రింకు ఉన్న చోట తేడా స్పష్టంగా కనిపిస్తుంది, నేను చెప్పదలచింది అదే.

విశాఖ_చక్రాలు
ఎంఎస్‌కి వెళ్లే మనవాళ్లకి పనికొచ్చే విషయం. హైదరాబాద్, విశాఖల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ బలంగా ఉంది. హైదరాబాద్‌కి చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు. ఆ చక్రాల అలవాటుతో వెళ్లినవాళ్లు మంచు క్లబ్బులో చేరొచ్చు. కాలి బలం, భుజాల అదుపు, జంపులో గాల్లో చేతులు దగ్గరికి లాక్కోవడం, త్రీ టర్న్ (ఒంటికాలి మీదే ముందు నుంచి వెనక్కి తిరిగే మలుపు) ఆలోచన, ఇవన్నీ వెంట వస్తాయి.

రానివి కూడా చెప్పాలి. చక్రాల బూటుకి ముందు రబ్బరు స్టాపర్ ఉంటుంది, ఆగాలంటే దాన్ని నేలకి రాస్తాం. మంచు మీద అదే పని చేస్తే టో పిక్ గుచ్చుకుని ముందుకి పడతారు, మొదటి వారం అందరికీ ఇదే. ఆగడం బ్లేడు పక్కకి తిప్పి మంచు గీరి నేర్చుకోవాలి. రెండోది, నాలుగు చక్రాల మీద నిలబడటం తేలిక. బ్లేడు వంపుగా ఉంటుంది కాబట్టి బరువు కొంచెం వెనక్కి పడితే వెల్లకిలా పోతారు. స్పిన్ చేయాల్సింది అరికాలి ముందు ఉబ్బు కింద, టో పిక్‌కి కాస్త వెనక.

కొత్త బూటు కొంటే బ్లేడుని మొదట పొడుగు రంధ్రాల్లో స్క్రూలతో తాత్కాలికంగా బిగించుకోండి. కొన్ని గంటలు తిరిగి చూసి, పాదం లోపలికి వాలుతుంటే బ్లేడు జరిపి, సరిపోయాకే మిగతా స్క్రూలు వేయాలి. ముందే అన్నీ బిగిస్తే తోలులో రంధ్రాలు పడి మళ్లీ జరపలేరు.

డార్ట్‌మత్_దీపిక
@విశాఖ_చక్రాలు ఇంకోటి. ఇంటర్‌కాలేజియేట్‌లో దిగాలంటే పూర్తికాల విద్యార్థి అయ్యుండాలి. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లు ఎలాగూ పూర్తికాలమే. చేరే ముందు ఆ క్లబ్బు అమెరికా ఫిగర్ స్కేటింగ్ సంఘంలో కాలేజియేట్ క్లబ్బుగా నమోదైందా అని అడగండి. యూనివర్సిటీలో విద్యార్థి సంఘంగా మాత్రమే నమోదైతే పోటీలకి ఇంకేం కావాలో ముందే కనుక్కోండి.

పాత_ప్యాచ్
@తెల్లగీత చరిత్ర రాస్తానన్నారు కాబట్టి వెతికే పద్ధతి. పాత విద్యార్థి పత్రికల్లో సింక్రనైజ్డ్ అని వెతికితే 1990ల చివరికి ముందు దాదాపు ఏమీ దొరకదు, అప్పటిదాకా ప్రెసిషన్ అనేవాళ్లు. చాలామంది ఇక్కడే ఆగిపోయి క్లబ్బు అప్పుడే పుట్టిందనుకుంటారు. క్రీడా పేజీల కంటే హాకీ మ్యాచ్ వార్తలు చూడండి, విరామంలో ఎవరు స్కేట్ చేశారో అక్కడ ఉంటుంది. తరవాత ఇయర్‌బుక్ ఫొటోలు, విద్యార్థి సంఘం నిధుల పంపకం పట్టికలు, రింకు ప్రారంభోత్సవ కరపత్రాలు. స్థాపించిన ఏడాది, యూనివర్సిటీ గుర్తించిన ఏడాది, మొదటి పోటీ ఏడాది మూడూ వేర్వేరుగా రాయండి. క్లబ్బుల వెబ్‌సైట్లు ఈ మూడింటినీ కలిపేస్తుంటాయి.

తెల్లగీత
మొదటి పేరా ఇలా పెడుతున్నాను, చూడండి: ఒహాయో రాష్ట్రం ఆక్స్‌ఫర్డ్‌లోని మయామి యూనివర్సిటీ స్కేటింగ్ జట్టు 1977లో క్లబ్బుగా మొదలై 1996లో వార్సిటీ అయింది. 2007 ప్రపంచ సింక్రనైజ్డ్ స్కేటింగ్ పోటీల్లో రజతం గెలిచి అమెరికాకి ఆ పోటీల్లో తొలి పతకం తెచ్చింది.

గాగిన్_గేటు
పోటీ జరిగింది కెనడాలోని లండన్ అని కూడా చేర్చండి, లేకపోతే రేపు ఇంగ్లండ్ అని రాస్తారు. 1976 రింకు సంగతి రెండో వాక్యంగా పెట్టండి.

తెల్లగీత
రెండూ చేర్చాను. ఆన్ ఆర్బర్ 1956 భాగం ఈ రాత్రికి రాస్తాను. ఫిగర్ల పేరా @పాత_ప్యాచ్ మీరే రాసి ఇవ్వండి.

పాత_ప్యాచ్
ఆదివారానికి ఇస్తాను. గీతలు ఎలా పడతాయో చూపించడానికి ఒక బొమ్మ కూడా గీస్తాను.